మోగని గోడ

వడ్రంగి మేస్త్రికి ఉన్న జబ్బు ఒక్కటే. తన పనిని ఎవరైనా మెచ్చుకోవాలి, ఆ మెప్పు తన చెవిన పడాలి. పడకపోతే ముద్ద దిగదు. అలాంటి మనిషికి పై వాడు ఎలాంటి పని రాసిపెట్టాడో చూడండి! నలుగురిలో చెప్పుకోవడానికి వీల్లేని పని.

వాళ్లది మరీ పెద్ద నగరం కాదు. సైకిలెక్కి ఈ చివర నుంచి ఆ చివరకు పోతే ఒంటికి చెమట పట్టేలోపు అయిపోతుంది. రెండు కాలేజీలు, ఒక నర్సింగు స్కూలు, ఒక పెద్ద ఆసుపత్రి వచ్చేసరికి గదుల కోసం తిరిగేవాళ్లు పెరిగారు. గదులు మాత్రం పెరగలేదు. అప్పుడు ఇళ్లవాళ్లు ఏం చేశారు? ఉన్న గదిని అడ్డంగా రెండు చేశారు. కిటికీ ఉన్న సగం ఒకరికి, కిటికీ లేని సగం ఇంకొకరికి. అద్దె మాత్రం ఇద్దరి దగ్గరా పూర్తి గదికి. ఇదెక్కడి న్యాయమని అడిగిన పిల్లలకు వీధి చూపించారు. ఆ గదులను రెండు చేసిన చెయ్యి మన మేస్త్రిది.

ఎవరు పడితే వాళ్లు నిలబెట్టే చెక్క అడ్డు కాదది. మామూలు అడ్డయితే వేలితో కొట్టగానే డబడబ మోగుతుంది, ఇది గదా కోళ్లగూడా అని చేరబోయే పిల్లలు వెనక్కి తిరుగుతారు. మేస్త్రి గోడ మోగదు. కొడితే ఇటుక గోడ ఎలా పలుకుతుందో అలాగే పలుకుతుంది. పైన సున్నం, మూలల్లో పాత పగుళ్లలాంటి గీతలు, అక్కడక్కడా ఎవరో పటం తగిలించి తీసేసినట్టు చిన్న మేకు రంధ్రం కూడా. ఇల్లు కట్టినప్పుడే పుట్టిందా అన్నట్టుంటుంది. అలాంటి గోడలు ఊళ్లో వందకు పైనే ఉన్నాయి. ఎవరికీ తెలియదు.

తెలియకపోవడం దగ్గరే అసలు బాధ. చూసిన ప్రతివాడూ గోడ అనుకుంటే ఇక మేస్త్రిని మెచ్చుకునేదెవరు?

"గోడలకి చెవులుంటాయంటారు. నా గోడలకి నోరు కూడా లేకుండా పోయిందే," అని భార్య దగ్గర వాపోయేవాడు.

"నోరుంటే ముందు మిమ్మల్నే తిట్టేవి," అనేది ఆవిడ టీ గ్లాసు అందిస్తూ. ఆవిడకు ఆ పని మొదటినుంచీ నచ్చలేదు. చెప్పి చెప్పి విసిగి ఊరుకుంది.

మేస్త్రికి ఒక నియమం కూడా ఉంది. అది అతని తండ్రి నేర్పిన నియమం, తండ్రికి ఆయన గురువు నేర్పినది. నలుగురి ఇళ్లల్లోకి వెళ్లి పనిచేసేవాడు ఒక ఇంట్లో చూసింది ఇంకో ఇంట్లో చెప్పకూడదు. ఎవరి పెట్టెకు అరలెన్ని, ఎవరి తలుపుకు గడియలెన్ని, అన్నీ కడుపులోనే ఉండాలి. నలభై ఏళ్లుగా మేస్త్రి ఆ మాట తప్పలేదు. ఊళ్లో అతనికున్న పరువంతా అందులోనే ఉంది.

ఇలా సాగిపోతుంటే మునిసిపాలిటీవాళ్లు కొత్త నియమం తెచ్చారు. అద్దెకిచ్చే ప్రతి గదికీ తెరుచుకునే కిటికీ ఉండాలి. ఒక గదిని ముక్కలు చేసి ఇచ్చినా అన్ని ముక్కలకూ కలిపి ఒక్క గది అద్దే తీసుకోవాలి. అయితే ఇల్లు కట్టినప్పుడే కిటికీ లేకుండా కట్టిన గది ఉంటే దాని జోలికి పోరు. ఒక ఏడాది అమలు చేసి చూసి, చివరలో సభ పెట్టి ఉంచాలో తీసేయాలో తేలుస్తారట. గదులు చూడటానికి ఒక ఇన్‌స్పెక్టరును వేశారు.

ఆ ఇన్‌స్పెక్టరు ఎవరనుకున్నారు? మేస్త్రి మేనకోడలు. అక్క పోయాక మూడేళ్ల పిల్లను తెచ్చి పెంచుకున్నాడు. రంపపు పొట్టులో ఆడుకుని, చెక్కముక్కల మీద అక్షరాలు దిద్దుకుని పెరిగింది. చదువుకునే రోజుల్లో వేరే ఊళ్లో మెట్ల కింద గదిలో రెండేళ్లు వంగి నడిచింది, ఆ వంగుడు ఇంటికొచ్చాక కూడా నెల రోజులు పోలేదు. అందుకే ఆ ఉద్యోగమంటే దానికి ప్రాణం.

పాపం, పిల్ల చేతిలో ఉన్న ఆయుధం మాత్రం తన వేళ్లే. పాత ఇళ్ల ప్లాన్లన్నీ ఆఫీసులో చెదలు తినేశాయి. రుజువు లేకుండా గోడ పగలగొట్టడానికి వీల్లేదు. ఇంటింటికీ తిరిగి గోడలు తట్టి చూడటమే పని. సాయంత్రానికి వేళ్ల కణుపులు కమిలిపోయి వచ్చేది. అత్తయ్య వెచ్చని నీళ్లు పెట్టేది. మామయ్య ఎదురుగా కూర్చుని మీసంలో నవ్వుకునేవాడు.

"ఇవాళ ఎన్ని గోడలు పలకరించావే?" అనేవాడు.

"ఇరవై మూడు. అన్నీ ఇటుకలే మామయ్యా."

"ఊళ్లో అంత మంచి గోడలున్నాయన్నమాట!" అని గర్వం ఆపుకోలేక దగ్గు తెచ్చుకునేవాడు.

ఒక్కసారైనా ఆ పిల్ల, మామయ్యా, నీకేమైనా తెలుసా అని అడగలేదు. అడగదేమిటా అని మేస్త్రి ఎదురుచూసేవాడు కూడా. అడిగితే ఏం చెప్పాలో రోజూ తయారుచేసుకునేవాడు. మాట తప్పలేనమ్మా అనాలి. అది అడగలేదు, ఇతను చెప్పలేదు.

సభకు పది రోజులుందనగా పిల్ల తెగించింది. ఊళ్లో ఇళ్లవాళ్ల సంఘానికి పెద్ద ఒకాయన ఉన్నాడు. మూడు మేడలున్నాయని అందరూ మూడుమేడలాయన అంటారు. ఆయన ఇంట్లో నర్సింగు చదివే అమ్మాయి ఉండే చీకటి గదిలో రెండు పక్క గోడలూ తట్టింది. ఎడమది గట్టిగా పలికింది. కుడిది గుల్లగా పలికినట్టనిపించింది. కుడిది చెక్కేనని సంతకం పెట్టి, అనుమతి తెచ్చి, ఇద్దరు కూలీలను పెట్టి పగలగొట్టించింది. లోపల నుంచి ఇటుకలు రాలిపడ్డాయి. పాతకాలపు ఇటుకలు, తేమకు కొంచెం గుల్లబారాయి, అంతే.

ఊరంతా ఒకటే నవ్వు. మూడుమేడలాయన మునిసిపాలిటీ డబ్బుతో గోడ మళ్లీ కట్టించుకున్నాడు. సభ రోజుకు ఒక్క అడ్డుగోడైనా రుజువు కాకపోతే నియమం ఎత్తేస్తారని, ఇన్‌స్పెక్టరును మళ్లీ కుళాయిల సెక్షనుకు పంపిస్తారని చెప్పుకున్నారు.

ఎడమ గోడ మేస్త్రిది. ఆ సంగతి తలుచుకుని మొదట అతనికి నవ్వొచ్చింది. నిజం ఇటుకను చెక్క అని, తన చెక్కను ఇటుక అని! వడ్రంగం పుట్టాక ఎవడికైనా ఇంత మెప్పు దక్కిందా? నవ్వుతూ నవ్వుతూ వంటగదివైపు చూశాడు. మేనకోడలు గోడకేసి తిరిగి కూర్చుని అన్నం కెలుకుతోంది. అంతటితో ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది.

సభ పొద్దున పది గంటలకు, మునిసిపాలిటీ హాల్లో. ముందు వరుసల్లో ఇళ్లవాళ్లు, గోడల పొడుగునా నిలబడ్డ కాలేజీ పిల్లలు, అద్దెకుండే ఆసుపత్రి ఆయాలు, కొట్లలో పనిచేసేవాళ్లు. వేదిక మీద కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ, ఆవిడే కమిషనరు. మేస్త్రి చిట్టచివరి వరుసలో తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నాడు. పనుందని ఇంట్లో చెప్పి వచ్చాడు.

మూడుమేడలాయన ఒక ఇంజినీరును వెంట తెచ్చాడు. ఆ ఇంజినీరు చేతులు కట్టుకుని నిదానంగా చెప్పాడు.

"నేను స్వయంగా చూశానండీ. కుడి గోడ సంగతి ఊరంతా చూసింది, ఆ ఎడమ గోడ కూడా ఇల్లు కట్టినప్పటిదే. సందేహం అక్కర్లేదు. ఎక్కడా అతుకు లేదు, ఎక్కడా వంకర లేదు. దారం పెట్టి చూసినా వెంట్రుకవాసి తేడా రాలేదు. ఇవాళ్టి పనివాళ్లకి అలాంటి చెయ్యి ఎక్కడిదండీ!"

చివరి వరుసలో మేస్త్రి ఛాతీ దానంతటదే పొంగింది. నలభై ఏళ్ల తరువాత, ఇంతమందిలో, చదువుకున్న ఇంజినీరు నోట! పక్కనున్నవాడి భుజం తట్టి అది నాదేనని చెప్పాలనిపించింది. పెదవులు బిగబట్టుకున్నాడు.

"పాతకాలపు తాపీ మేస్త్రి ఎవరో కట్టి ఉంటాడు. ఆ చేతికి దణ్ణం పెట్టాలి," అని ముగించాడు ఇంజినీరు.

తాపీ మేస్త్రా! వడ్రంగిని ఇంతకన్నా పెద్ద తిట్టు తిట్టగలరా ఎవరైనా? మేస్త్రి కుర్చీలోంచి సగం లేచాడు. మళ్లీ తండ్రి నేర్పిన మాట గుర్తొచ్చి కూలబడ్డాడు. ఇంత జరిగినా అతను కూర్చునే ఉన్నాడు, అది మాత్రం ఒప్పుకోవాలి.

మూడుమేడలాయన ఇన్‌స్పెక్టరువైపు తిరిగాడు.

"ఏమ్మా, ఇటుకకీ చెక్కకీ తేడా తెలియకుండా వడ్రంగి ఇంట్లో ఎలా పెరిగావమ్మా నువ్వు?"

హాలు గొల్లుమంది. పిల్ల లేచి నిలబడింది. చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

"తేడా కనిపెట్టలేకపోయాను, నిజమేనండీ. తప్పు గోడ పగలగొట్టించాను, అదీ నా తప్పే. నా ఉద్యోగం ఏమైనా పర్వాలేదు. కానీ ఆ గదిలో ఉండే అమ్మాయి పట్టపగలు లైటు వేసుకుని చదువుకుంటోంది. బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో ఫోనులో చూసుకుంటోంది. అలాంటివాళ్లు ఊళ్లో వందలమంది ఉన్నారు. నా వేళ్లకి తెలియనంత మాత్రాన వాళ్లు లేకుండా పోరు. దయచేసి నియమం తీసెయ్యకండి."

ఇంతా మాట్లాడి, ఒక్కసారి కూడా చివరి వరుసవైపు చూడలేదు. అప్పుడు తెలిసింది మేస్త్రికి. దీనికి తెలుసు! పొట్టులో ఆడుకున్న పిల్ల, తన చేతి వాటం, తను పూసే సున్నం, తన పగుళ్ల గీతలు చూసి ఎన్నడో పోల్చుకుంది. పోల్చుకోకుండా ఎలా ఉంటుంది? అదిగో మా మామయ్య అని వేలు చూపిస్తే చాలు, హాలు మొత్తం వెనక్కి తిరిగేది. చూపించలేదు. ఊరు నవ్వినా మామయ్య పరువు కాపాడింది.

మేస్త్రి లేచాడు. ఈసారి పూర్తిగా లేచాడు.

"ఆ గోడ నాదండీ."

తలలన్నీ తిరిగాయి.

"తాపీ మేస్త్రీ కాదు, పాతకాలమూ కాదు. ఆరేళ్ల కింద నేను పెట్టిన చెక్క గోడ."

మూడుమేడలాయన నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. "మేస్త్రీ, మేనకోడలి మీద ప్రేమతో ఏదో అంటున్నావు. కూర్చో. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది."

"పడనివ్వండి బాబూ. ఇన్నాళ్లూ పిల్లల నెత్తిన పడింది." మేస్త్రి కమిషనరు వైపు తిరిగాడు. "అమ్మా, ఇల్లు ఈ వెనక వీధిలోనే. నాతో రండి. ఒక పెద్ద బకెట్టు మాత్రం ఇప్పించండి."

బకెట్టెందుకో ఎవరికీ అర్థం కాలేదు. కమిషనరు ముందు, ఇంజినీరు వెనక, మిగతా ఊరంతా ఆ వెనక బయల్దేరారు. మూడుమేడలాయనకు తాళంచెవి చాలాసేపు దొరకలేదు. గదిలో అమ్మాయి ఉందని, తలుపు లోపలి నుంచి తీస్తుందని ఎవరో గుర్తుచేశారు.

నర్సింగు అమ్మాయి తలుపు తీసి, ఇంతమందిని చూసి బెదిరిపోయింది. మధ్యాహ్నం కావస్తోంది, గదిలో లైటు వెలుగుతోంది. మంచం, కుర్చీ, వాటి మధ్య పక్కకు తిరిగి నడిచేంత చోటు. మేస్త్రి గడపలోనే ఆగిపోయాడు. గోడ నిలబెట్టిన రోజున అది ఖాళీ గది. గోడ ఎంత నిటారుగా వచ్చిందో చూసుకుని మురిసి వెళ్లిపోయాడు. లోపల మనిషి ఉండగా ఏ గదీ అతను చూసి ఎరగడు. లోపలి గాలికి తడిబట్ట వాసన వేసింది. ఇది నా చేతి పనేనా అని సిగ్గేసింది.

"ఇంజినీరుగారూ, ఒకసారి కొట్టి చూడండి," అన్నాడు.

ఇంజినీరు కొట్టాడు. గోడ గట్టిగా, బరువుగా పలికింది.

మేస్త్రి కింద కూర్చుని, నేలకు ఆనించి ఉన్న చెక్కపట్టీని బొటనవేలితో నొక్కి పక్కకు జరిపాడు. దాని వెనక రూపాయంత గుండ్రటి చెక్క బిరడా. బకెట్టు ఆనించి బిరడా లాగాడు. జర్రుమని ఇసుక ధార కట్టింది. బకెట్టు నిండింది, ఇంకో బకెట్టు తెచ్చారు, అదీ నిండింది, ఇలా వీధిలో ఉన్న బకెట్లన్నీ వచ్చాయి. మేనకోడలే బకెట్లు మార్చింది.

గుమ్మంలోంచి ఆసుపత్రి ఆయా ఒకావిడ అంది, "అయ్యో అయ్యో, పాతకాలపు గోడకి విరేచనాలు పట్టుకున్నాయే!"

కమిషనరమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇప్పుడు కొట్టండి," అన్నాడు మేస్త్రి.

ఇంజినీరు కొట్టాడు. గోడ డబడబ మోగింది. వీధి చివరిదాకా వినిపించింది.

"రెండు పలకల మధ్య ఇసుక, ఇసుకలో రంపపు పొట్టు. పొట్టు లేకపోతే ఇసుక కిందికి కుంగి పైన మోగుతుంది. ఎంత పాలు కలపాలో తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది," అన్నాడు మేస్త్రి. అంత సిగ్గులోనూ గొంతులో గర్వం ఎక్కడికీ పోలేదు. పుట్టుకతో వచ్చింది ఎక్కడికి పోతుంది! "ఇంటి గోడలకి ఒక్క మేకు కూడా కొట్టను. పైన కప్పుకీ కింద నేలకీ మధ్య చెక్కముక్కలు దూర్చి బిగిస్తాను. ఇవి లాగేస్తే చాలు."

సుత్తితో నాలుగు దెబ్బలు వేసి ముక్కలు లాగాడు. ఇద్దరు కుర్రాళ్లు సాయం పట్టారు. గోడ మూడు పలకలుగా ఊడి పక్కకు ఒరిగింది. అవతలి సగంలో పుస్తకం పట్టుకుని మంచమ్మీద కూర్చున్న ఇంకో అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. ఆమె వెనక కిటికీ, కిటికీ నిండా పగటి వెలుతురు. ఆ వెలుతురు నేల మీదుగా వచ్చి ఈవతలి మంచం ఎక్కింది.

నర్సింగు అమ్మాయి మంచం వైపు వింతగా చూసింది. దుప్పటి అంచు చేత్తో పట్టుకుంది.

"ఇది ఆకుపచ్చా?" అంది. "ఏడు నెలల నుంచి కప్పుకుంటున్నాను. ఆ లైటుకి బూడిదరంగు అనుకున్నాను."

మేస్త్రి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుచుకున్నాడు.

"తప్పయిపోయింది తల్లీ," అన్నాడు.

ఆ అమ్మాయి మంచినీళ్ల గ్లాసు తెచ్చి చేతికిచ్చింది.

కమిషనరు అక్కడే, ఆ గదిలోనే అడిగింది. "ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి మేస్త్రీ?"

మేస్త్రి గుమ్మం బయట నిలబడ్డ ఇళ్లవాళ్లను ఒక్కసారి కలియజూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఒకాయన వాచీ చూసుకున్నాడు, ఒకాయన ఫోను చెవికి ఆనించుకుని పక్కకు తప్పుకున్నాడు.

"నూట పన్నెండు. ప్రతి ఒక్కటీ గుర్తుందమ్మా. పేర్లు నేను చెప్పను, చెప్పకూడదని మా నాన్న మాట. అవి నా గోడలు. వెళ్లి నా గోడ నేను విప్పుకొస్తాను. ఎవరైనా వద్దంటే అప్పుడు మీరు రండి."

"అంతా ఊరికేనా?" అని ఎవరో అడిగారు.

"కట్టినందుకు ఒకసారి తీసుకున్నాను కదా," అన్నాడు.

నియమం నిలబడింది. ఆ మాట కమిషనరు తిరిగి హాలుకు వెళ్లి చెప్పే లోపే పిల్లలు వీధిలో ఈలలు వేసేశారు. మూడుమేడలాయన వెళ్తూ వెళ్తూ, "ఇక ఈ ఊళ్లో నీకు పని ఎవడిస్తాడో చూస్తాను," అన్నాడు. నిండా మునిగినవాడికి చలేమిటి? మేస్త్రి సుత్తి సంచిలో పెట్టుకున్నాడు.

జనం పలచబడ్డాక మేనకోడలు ఇసుక బకెట్టు పట్టుకుని పక్కకు వచ్చింది.

"నీకెప్పటినుంచి తెలుసే?" అన్నాడు మేస్త్రి.

"మూడో ఇంట్లో. పగులు గీసేటప్పుడు నువ్వు చివర కొంచెం ఎడమకి తిప్పుతావు మామయ్యా. ఆ గీత లేని అడ్డు, నీది కానిది, ఒక్కటైనా దొరక్కపోతుందా అని తిరిగాను, అందుకే ఆ కుడి గోడ మీద పడ్డాను."

"మరి అడగలేదేం? అడిగితే చెప్పేవాణ్ణేమో."

"చెప్పేవాడివి. నా కోసం చెప్పేవాడివి. ఆ తరవాత జీవితమంతా, మాట తప్పానని కుమిలిపోయేవాడివి. ఆ పని చేయించడానికా నన్ను పెంచావు?"

ఎంత ఎత్తు ఎదిగిందిరా ఇది అనుకున్నాడు. ఇంజినీరు మెచ్చుకున్నప్పుడు పొంగిన ఛాతీ, ఇప్పుడు చొక్కా గుండీలు తెంపుతుందేమో అనిపించింది.

"ఇవాళే రెండోది విప్పుదాం, పద," అన్నాడు.

పక్క వీధిలో రెండో ఇల్లు. తలుపు తీసిన ఇంటామె మేస్త్రిని ఎరుగును. అతని పక్కన బకెట్టు పట్టుకుని, బట్టల నిండా ఇసుకతో నిలబడ్డ పిల్లను ఎగాదిగా చూసింది.

"ఈ అమ్మాయి ఎవరు మేస్త్రీ? నీకు సాయానికొచ్చిందా?"

మేస్త్రి సుత్తి సంచి భుజం మార్చుకుని నిటారుగా నిలబడ్డాడు.

"కాదమ్మా. ఈవిడ గదుల ఇన్‌స్పెక్టరుగారు. ఈవిడకి సాయానికి నేనొచ్చాను."